నీళ్లు దొంగిలిస్తే

మార్చి 1973

మా మధుకర్ అన్నకు,

బాగున్నామని రాద్దామనే కూర్చున్నాను గానీ చెయ్యి ఒప్పుకోవడం లేదు. మొన్న దసరాకు వచ్చినప్పుడు మీ బావ పక్కన కూర్చుని ఒక మాట అన్నావు గుర్తుందా? "శిక్ష గట్టిగుంటెనే బావా, జనం భయపడేది" అని. మహబూబాబాద్ కోర్టులో వకీలు దగ్గర మున్షీగా చేసే బామ్మర్ది చెప్పిన మాట కదా, మా పటేలు గారికి అది వేదమై కూర్చుంది. ఫలితం నేను అనుభవిస్తున్నాను.

ఈసారి వానల్లేక చెరువు సగం కూడా నిండలేదు. యాసంగి వరికి వంతుల లెక్కన నీళ్లు. తూము తిప్పే నీరటి సమ్మయ్య మధ్యాహ్నం బువ్వకు పోగానే ఎవరో ఒకరు కాలువకు గండి కొట్టి తమ మడికి నీళ్లు మళ్లించుకోవడం ఎప్పుడూ ఉన్నదే. దొరికినవాళ్లు కాలువ పూడిక తీయాలి, అదీ మా ఊరి కట్టుబాటు. చూసినవాళ్లు గట్టు మీది నుంచే కేకేసి పేరు చెప్పేవాళ్లు. పూడిక తీసేవాణ్ణి అందరూ ఆటపట్టిస్తే వాడూ నవ్వేవాడు. మీ బావ దాన్ని తీసేశాడు. నీళ్ల దొంగ పొలంలోకి ఊరి పశువులను తోలుతామని డప్పు వేయించాడు. అప్పటి నుంచి గండ్లు పెరిగాయన్నా, తగ్గలేదు. చూసినవాళ్లు నోరు విప్పడం లేదు మరి. పొట్ట మీదున్న వరిని పశువుల నోట పెట్టించే పాపం ఎవరు మూటగట్టుకుంటారు?

ఎవరూ దొరక్క మీ బావకు పిచ్చి కోపం వచ్చింది. మడి తడిగా ఉందని సాంసన్‌ను పట్టుకున్నాడు. "ఏసయ్య తోడు పటేలా, పైమడి ఊటకు తడిసింది" అని అతను మొత్తుకున్నా వినలేదు. వచ్చే శుక్రవారం అతని వరిలోకి పశువులను తోలుతారు.

గండి కొట్టింది ఐలమ్మ. మొగుణ్ణి వరంగల్ దవాఖానలో పెట్టుకుని, అందరికన్నా చివరి మడిని ఒక్కతే చేసుకుంటోంది. పొలానికి సద్ది తీసుకుపోతూ నేను చూశాను. "అమ్మా, సూడనట్టె పో" అంది. చూడనట్టే వచ్చాను. ఇప్పుడు చెబితే ఆమె పంట పోతుంది, చెప్పకుంటే సాంసన్‌ది. నాకు అన్నం సహించడం లేదు. వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు
ఊర్మిళ

*

అన్నా,

జవాబు అందింది. సాక్షి అన్నాక దయ పనికిరాదు, చూసింది చూసినట్టు చెప్పమన్నావు. కోపగించుకోకు, నేను నీ మాట వినలేదు.

శుక్రవారం ఊరంతా సాంసన్ మడి దగ్గర చేరింది. అతని భార్య రాములమ్మ వరిలోనే చతికిలబడి లేవనంది. ఐలమ్మ జనం వెనుక కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను గట్టెక్కి "గండి కొట్టింది నేను" అన్నాను. మా పొలం తూము పక్కనే. మాకు నీళ్లు దొంగిలించే అవసరం లేదని అందరికీ తెలుసు.

"నీకేం పుట్టింది?" అన్నాడు మీ బావ పళ్లు కొరుకుతూ.

"నేనే అంటున్న గద. డప్పు ఏయించింది మీరే, తోలుండ్రి."

నాలుగు తిట్టి ఇంటికి పంపుతాడనుకున్నాను. ఆయన మొండితనం తెలిసీ అనుకున్నాను చూడు! ఊళ్లో ఒక్కరూ పశువుల పలుపు విప్పలేదు. ఆయనే ఇంటికి పోయి మా ఎడ్లను, బర్రెలను తెచ్చి మా వరిలోకి తోలాడు. అక్కడే నిలబడి చివరిదాకా చూశాడు. ఏడాది తిండి అన్నా అది, నేను చూడలేక వెక్కివెక్కి ఏడ్చాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

దాంతోనైనా దొంగతనం ఆగిందనుకుంటున్నావా? నిన్న మళ్లీ గండి పడింది. సమ్మయ్య వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఐలమ్మ కాలువల పార పట్టుకోని ఉన్నదమ్మా. పటేలు గట్టు మీదికెళ్లి సూసిండు. జరసేపు నిలబడి, మొకం తిప్పుకోని ఎనుకకు మర్లిపోయిండు. నా కండ్లతోని సూసిన."

కాసేపటికి మీ బావ వచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. వడ్డిస్తూ నేనే ముందు నోరు తెరిచాను.

"మల్ల గండి వడ్డదట. ఎవలన్న కనబడ్డరా?"

"ఎవ్వలు కనబడలే" అన్నాడు, తల ఎత్తకుండా.

పెళ్లయిన నాటి నుంచి ఆయన నాతో అబద్ధమాడటం ఇదే మొదలు. ఇంకో గరిటె పప్పు వేసి, ఆయన ఎదురుగా కూర్చుని నేనూ తిన్నాను. ఈసారి నువ్వు వచ్చినప్పుడు ఈ సంగతి ఆయన దగ్గర ఎత్తకు అన్నా.

నీ ఊర్మిళ