అరువిచ్చిన గొంతు

జూన్ 3
కరెంటు ఆఫీసు కంప్లైంట్ సెంటర్‌లో ఫోన్లెత్తే నన్ను మేనేజరు గదిలోకి పిలిచాడు. ఒకప్పుడు నా పక్క సీటువాడే. ఇప్పటికీ చెల్లెమ్మా అంటాడు. ఏఐ సిస్టమ్ వస్తోందట, దానికి నా గొంతు కావాలట. చిన్నాచితకా కాల్స్ అది చూసుకుంటుంది, ఎవరి ఉద్యోగమూ పోదు, నాదీ పూచీ అన్నాడు. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

జూన్ 5
అక్కకి నచ్చలేదు. తోడబుట్టింది కాదు, నాకీ పని నేర్పిన మనిషి. ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుంది. కూర్చున్న కొమ్మ నరుక్కోకే అంది. మేనేజరన్నయ్య మాటిచ్చాడన్నాను.

జూన్ 12
రోజంతా గాజు గదిలో రికార్డింగ్. "క్షమించండి" అని జాలిగా, మెత్తగా, ఇంకా మెత్తగా ఎన్నిసార్లు అనిపించారో. గొంతు బొంగురుపోయింది. అక్క ఫ్లాస్కులో వేణ్ణీళ్లు తెచ్చిచ్చింది, తిడుతూనే.

జూన్ 20
మీటింగ్‌లో అందరూ గొణిగారు. మేనేజరు నా వైపు చూశాడు. నేనే లేచి, మన పని దానికి నేర్పిద్దాం, మన బరువే తగ్గుతుందని చెప్పాను. ఒప్పుకున్నారు. నీ మొహం చూసి ఒప్పుకుంటున్నా అంది అక్క.

జూలై 9
సిస్టమ్ లైవ్. చప్పట్లు.

జూలై 30
పొద్దున్నే అక్కకి ఫోనొచ్చిందట, రేపట్నుంచి రానక్కర్లేదని. చెప్పింది నా గొంతు! నా జాలి, నా "క్షమించండి". అందరికీ వెళ్లింది, నాకు తప్ప.
మేనేజరు గదిలోకి దూసుకెళ్లాను. పై నుంచి ఆర్డర్, నేనేం చేయనన్నాడు. నా గొంతుతోనే ఎందుకు చెప్పించావన్నాను. నువ్వు చెబితే గొడవ చేయరు కదా చెల్లెమ్మా అన్నాడు. అలా పిలవొద్దన్నాను. నీ ఉద్యోగానికేం ఢోకా లేదుగా అన్నాడు.
నమ్మించి గొంతు కోశాడంటారు. ఇతను నా గొంతుతో అందరి గొంతులూ కోశాడు.

జూలై 31
అక్క తలుపు తీయలేదు. నేనే అక్కా అన్నాను. నువ్వా, మిషనా అని లోపల్నుంచి అడిగింది. ఆ ఫోన్ నేను చేయలేదన్నాను. క్షమించమని అడగబోయి, ఆ మాట నోట్లోనే మింగేశాను.

ఆగస్టు 2
రాజీనామా ఇచ్చాను. నా గొంతు తీసెయ్యమన్నాను. అది కంపెనీదట.

ఆగస్టు 17
మానేసిన సంగతి అమ్మకింకా చెప్పలేదు. ఇవాళ వాళ్లింట్లో కరెంటు పోయి కంప్లైంట్‌కి ఫోన్ చేసిందట. నా గొంతు విని, తిన్నావా తల్లీ అని అడిగిందట.
సర్వీసు నంబరు చెప్పమన్నానట.