పాసున్న మనిషి

వదినా,

మామయ్యగారికి అల్జీమర్స్ ఇంకా ముదిరిందన్నారు డాక్టరు. మీ తమ్ముడి పేరు కూడా మరిచిపోయారు. స్నానం చేయించాలంటే రోజూ యుద్ధమే. అయినా ఇవాళ నా కాళ్ళు నేలమీద నిలవడం లేదు!

కండక్టరుగా చేసిన రోజులొక్కటే ఆయనకు మిగిలాయి. మన సోఫాయే బస్సు. కూర్చున్న ప్రతివాళ్ళనీ టికెట్ అడుగుతారు. మొన్న డాక్టరుగారినీ వదల్లేదు. ఇవాళ నన్ను మాత్రం దాటేసి వెళ్ళిపోయారు. నాకు ఉక్రోషం వచ్చింది.

"నన్నడగరేం? నేనెవరో తెలుసా?" అన్నాను.

"పేరు తెలీదమ్మా. రోజూ ఎక్కుతావుగా, నీకు పాసుంది" అన్నారు.

ఆదివారం తప్పకుండా రండి. వచ్చేటప్పుడు చిల్లర తెచ్చుకోండి. మీకింకా పాసు లేదు.

మీ మరదలు