చీటీ లేని ఇంజన్

మానుకోట,
24 నవంబర్ 2024

ప్రియమైన జశ్వంత్‌కు,

కనకయ్యను పంపిస్తున్నాను. దూదిలో చుట్టి, పైన మా అమ్మ పాత చీర ముక్క చుట్టాను. ఇన్నేళ్ళయినా వాడి మూతి ముడుపు మాత్రం తగ్గలేదురా. ఇక లచ్చమ్మ మానుకోటకు రావాల్సిన వంతు. మర్చిపోయానని కథలు చెప్పకు.

మొన్న నా అసిస్టెంట్ హన్మంత్ నా సంచీలో కనకయ్యను చూసి పడీ పడీ నవ్వాడు. ముప్పై దాటినవాడివి, రోజూ అసలు ఇంజన్ నడుపుతావు, ఈ బొమ్మ ఇంజన్ ఎందుకన్నా అన్నాడు. ఏం చెప్పను? జనగామలో మీ నాన్న ఐలయ్య బాపు టీవీ రిపేరు దుకాణం గురించి చెప్పాను. బడి వదలగానే నువ్వూ నేనూ అక్కడికి ఉరకడం, రిపేరుకొచ్చిన ఏదో ఒక టీవీలో 'కూకూపురం' చూడడం. ఆ పిల్లల సీరియల్లో ఇంజన్లకు మొహాలుండేవి, మాటలుండేవి. బాపు సికింద్రాబాద్‌కు సామాన్ల కోసం పోయినప్పుడల్లా వాటిలో ఒక్కొక్క దాన్ని ఇనుప బొమ్మగా తెచ్చేవాడు. వాటి ఇంగ్లీషు పేర్లు ఆయన నోరు తిరగక మన వాడ వాళ్ళ పేర్లు పెట్టాడు. ఎప్పుడూ సణిగే నల్లది కనకయ్య, నోరు పెద్దదైన ఎర్రది లచ్చమ్మ. హన్మంత్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

బాపు పెట్టిన పద్ధతి కూడా చెప్పాను. "చీటీ లేకుండ ఇంజన్ కదలొద్దు. చేరినంక చేరిందని రాయాలె. బడిల నేర్పినట్టు మంచిగ పుస్తకం భాషల రాయిండ్రి." చూడు, ఇప్పటికీ ఆ భాషే రాస్తున్నాను. ఇంట్లో ఇట్లా మాట్లాడితే శృతి నన్ను బయటికి నెట్టేస్తుంది.

అసలు సంగతి. నేనిప్పుడు అసిస్టెంట్‌ను కాదురా, డ్రైవర్‌ను! బొగ్గు గూడ్సు నాకిచ్చారు. మా ఇంటి వెనుక రైలు గేటు దగ్గర పట్టాలు మలుపు తిరుగుతాయి. అక్కడికి రాగానే శృతి కోసం పొడుగ్గా హారన్ కొడతాను. ఆమె పురిటికి బయ్యారం పోయింది, అయినా కొట్టకుండా ఉండలేను. బాపుకు చెప్పు, ఒకసారి రమ్మను. జనగామ గేటు దగ్గర మనను నిలబెట్టేవాడు చూడు, అట్లా లచ్చమ్మను ఎత్తి చూపమను. చెవులు ఎంత మందగించినా సరే, ఆయనకు వినబడేలా కొడతాను.

నీ
మిథున్


భూపాలపల్లి,
9 డిసెంబర్ 2024

ప్రియమైన మిథున్‌కు,

కనకయ్య చేరాడు. డ్రైవర్ సాబ్‌కు మా ఇంటిల్లిపాది సలాం.

నీ చీటీ బాపుకు గట్టిగా చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. "మన మిథున్‌గాడు డ్రైవరైండు, ఎర్కేనా?" అని వాడంతా తిరిగి చెప్పి వచ్చాడు. రైలే లేని ఊరికి తీసుకొచ్చి పడేశావని నన్ను ఎన్నడూ తిట్టలేదు గానీ, ఆయనకు ఆ చప్పుడు లేని లోటు ఉంది. బొగ్గు లారీలు ఎన్ని పోయినా లారీ లారీయేగా.

లచ్చమ్మ సంగతి. ఎడమ కన్ను రంగు పోయింది చూశావా, దాన్ని దిద్ది పంపుదామని ఆపాను. ఈలోగా మొబైల్ దుకాణంలో పని తల మీద పడింది. నువ్వు ఎదురు చూస్తావని ముందు ఈ చీటీ ఒక్కటే పోస్టు చేస్తున్నాను, ఇంజన్ వెనుక వస్తుంది. దీనికి బాపు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఇంజన్ను ఇడిసిపెట్టి చీటీ పోతదారా? రేపు చీటీ లేకుండ ఇంజన్ పోతదా? ఏంది నీ పద్ధతి?" అని పొద్దుటి నుంచీ ఒకటే పోరు. గిరాకీ ముందర కూడా అదే పాట. నాకు తిక్క లేచి, "నీకు పని లేదు, నాకున్నది! గా బొమ్మలు పట్కొని నువ్వే పో!" అని అరిచేశాను. రుచిత తన మామ వైపు నిలబడి నా నోరు మూయించింది. ఆయన లేచిపోయి లచ్చమ్మను తువ్వాలతో తుడుస్తూ కూర్చున్నాడు.

అనకుండా ఉండాల్సింది. రేపు పొద్దున చాయ్ తాగేటప్పుడు బతిమాలుకుంటాను. నువ్వు మాత్రం ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి ఎక్కడా ఎత్తకు.

నీ
జశ్వంత్


మానుకోట,
20 డిసెంబర్ 2024

ప్రియమైన జశ్వంత్‌కు,

నీ చీటీ అందింది. ఈ పెట్టెలో నా దగ్గరున్న ఇంజన్లన్నీ ఉన్నాయి. అన్నీ నువ్వే ఉంచుకో. వంతులు వద్దు. తిరిగి పంపకు.

ఎట్లా రాయాలో తెలియడం లేదు. సోమవారం పొద్దుగూకే వేళ మా గేటు మలుపులో నా బండి కింద ఒక మనిషి పడ్డాడు.

మలుపు తిరగగానే కనిపించాడు. సరిగ్గా నా పట్టా మధ్యలో నిలబడ్డాడు. ఎండ నా కళ్ళల్లో ఉంది, మొహం కనిపించలేదు. తెల్ల చొక్కా, అంతే. బ్రేక్ గుంజాను. బొగ్గు నిండిన గూడ్సు గుంజగానే ఆగదు. కూకూపురంలో ఇంజన్లు ఆగేవి గదరా? కళ్ళు పెద్దవి చేసి, కుక్కపిల్ల ముందర కూడా ఆగేవి. నేను హారన్ మీద చెయ్యి తీయలేదు. హన్మంత్ కిటికీలోంచి "జరుగు! జరుగు!" అని గొంతు చించుకున్నాడు. ఆ మనిషి జరగలేదు. చెయ్యి పైకెత్తాడు. నేను హారన్ కొట్టినకొద్దీ ఇంకా పైకెత్తాడు.

చావడానికి వచ్చినవాడు చెయ్యెందుకు ఎత్తుతాడు? ఆపమని అడిగాడా? ఆఖరి నిమిషంలో బతకాలనిపించిందా? ఇదే నన్ను తినేస్తోంది. మా పెద్దవాళ్ళంతా "ఈ లైన్ల ఇది కామన్ రా, అందరికీ అయితది, మర్చిపో" అంటున్నారు. ఎవరో ఏమో కూడా తెలియదట. నేను అడగలేదు, చూడలేదు.

సెలవు పెట్టాను. ఫోన్ బంద్ చేసి బీరువాలో పడేశాను. శృతికి కూడా చెప్పలేదు, నిండు నెలలతో ఉంది. ఇంటికి రాగానే అరలో ఈ ఇంజన్లన్నీ నన్ను చూసి నవ్వుతున్నాయిరా. గోడకు తిప్పి పెట్టాను. అయినా నవ్వుతున్నట్టే ఉంది. అందుకే పంపిస్తున్నాను. మళ్ళీ ఇంజన్ ఎక్కుతానని అనుకోను.

బాపుకు ఇదేమీ చదివి వినిపించకు. బాగున్నానని చెప్పు.

మిథున్


జనగామ,
26 డిసెంబర్ 2024

మిథున్‌కు,

పెట్టె చేరింది. నీ చీటీ జేబులో పెట్టుకొని ఊళ్ళు తిరుగుతున్నాను.

బాపు ఇంట్లో లేడురా. ఆ సోమవారం పొద్దున, నేను దుకాణం తెరవడానికి పోయాక వెళ్ళిపోయాడు. ఫోన్ ఇంట్లోనే పెట్టాడు, ఎట్లాగూ వినబడదు కదా. అరలో లచ్చమ్మ లేదు. అది చూసి నవ్వుకున్నాను కూడా. నా మీద పంతానికి ఇంజన్ను తానే పట్టుకొని నీ దగ్గరికి పోయాడు, కోపం దిగాక వస్తాడులే అనుకున్నాను. నీ ఫోన్ కలవకపోతే డ్యూటీలో ఉన్నావనుకున్నాను. నాలుగు రోజులు మీ ఇంట్లో తిని కూర్చొని నన్ను తిడుతుంటాడని నిమ్మళంగా ఉన్నానురా, అన్నం తిన్నాను, గిరాకీ చూసుకున్నాను. నీ చీటీ వచ్చింది. అందులో బాపు అక్కడికి వచ్చిన మాటే లేదు. పైగా ఆయనకు ఏమీ చదివి వినిపించొద్దని రాశావు.

అప్పటికప్పుడు బస్సెక్కాను. తరిగొప్పులలో మా మేనత్త ఇంటికి పోయాను, రాలేదన్నారు. జనగామ వచ్చాను. మన దుకాణం ఉన్నచోట ఇప్పుడు బట్టల షాపు. గేటు దగ్గరికి పోయాను. పొద్దంతా నిలబడ్డాను. పట్టాల వెంట పోయే ప్రతి ముసలాయన బాపులాగే కనిపించాడు.

నేను అన్న మాట గుర్తుంది కదా. బొమ్మలు పట్టుకొని నువ్వే పో అన్నాను. బతిమాలుకుంటానని నీకు రాశాను గానీ, రేపు రేపనుకుంటూ బతిమాలుకోనేలేదు. ఆ మాట మీద ప్రాణం తీసుకున్నాడేమోనని నా భయం. మళ్ళీ రుచితకు ఫోన్ చేసి అట్లా ఏం కాదని నేనే ధైర్యం చెబుతున్నాను.

మానుకోటకు టికెట్ కొన్నాను. బండి వచ్చింది, పోయింది. ఎక్కలేకపోయాను. అక్కడికి వచ్చి ఏం చూడాలో నాకు తెలుసు. నువ్వు పోయి చూడరా. పోలీసులను అడుగు. ఆ మనిషి చేతిలో ఏముందో అడుగు. తెల్ల చొక్కా లోకంలో అందరికీ ఉంటుంది. కాదని చెప్పు. నీకు దండం పెడతా, కాదని రాయి.

జశ్వంత్


మానుకోట,
30 డిసెంబర్ 2024

జశ్వంత్,

ఇది నీకు అందేలోపే పోలీసుల ఫోన్ వస్తుంది. నేనే నీ నంబర్ ఇచ్చాను. నోటితో చెబుదామని నిన్న భూపాలపల్లి దాకా వచ్చాను. బస్టాండులో కూర్చున్నాను. మీ దుకాణం బోర్డు కనిపిస్తోంది. లేవలేకపోయాను. వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను.

బాపేరా.

రైల్వే పోలీసుల దగ్గర ఫోటో చూపించారు. మొహం గుర్తు పట్టేలా లేదు. చొక్కా జేబు మీద టెస్టర్ గుచ్చి గుచ్చి పడిన చిల్లి ఉంది. టీవీ రిపేరు మానేసి ఎన్నేళ్ళయినా ఆ చొక్కాలే తొడిగేవాడు కదా. అప్పటికీ కాదనే అనుకున్నాను. తర్వాత జవాను ఒక సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. లచ్చమ్మ. ఎడమ కన్నుకు కొత్త రంగు వేసి ఉంది. ఆయనే దిద్దినట్టున్నాడు, కొంచెం పక్కకు పోయింది.

పక్కింటి రూపక్కను అడిగాను. ఆ రోజు ఒక పెద్దమనిషి వచ్చి, తాళం చూసి నిలబడ్డాడట. "మిథున్ డ్యూటీల ఉన్నడు, పొద్దుగూకంగ గా గేటు కాడికెళ్లి పోతడు, హారన్ కొడ్తడు" అని ఆమె ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. ఆయన నవ్వి, "కొట్టాలె మరి, నాకు చీటీల రాసిండు" అన్నాడట. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గేటు వైపు నడిచాడట.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. జనగామ గేటు దగ్గర మనను ఎక్కడ నిలబెట్టేవాడు? అవతలి పట్టా మీద. మనం చూసే బండి ఎప్పుడూ ఇవతలి పట్టా మీద పోయేది, మనకేం కాకపోయేది. ఇక్కడ మా ఇల్లు పట్టాలకు జనగామలో మన వాడ ఉన్న పక్కన కాదు, దానికి ఎదుటి పక్కన. ఇక్కడి నుంచి అవతలి పట్టా అంటే అది నా పట్టానే. మలుపులో నా బండి ఏ పట్టా మీద ఉందో దగ్గరికొచ్చేదాకా తెలియదు. ఆయన జనగామ లెక్కే అనుకున్నాడు.

ఇంకా ఉంది. ఆయన మనకు ఏం నేర్పాడు? "హారన్ పడంగనే ఇంకింత పైకెత్తాలె. గది మనం డ్రైవర్‌కు పెట్టే సలాం." నేను జరగమని కొట్టాను. ఆయనకు నేను పలికినట్టు వినబడింది. అందుకే ఎత్తాడు. కొట్టినకొద్దీ ఎత్తాడు.

కాబట్టి నీ మాట మీద పోలేదురా. చావడానికి రాలేదు. నన్ను చూడడానికి వచ్చాడు, నేను పిలిస్తే వచ్చాడు. నువ్వు మోస్తున్నది దించుకో. అది నాది.

నౌకరికి రాజీనామా రాసి పెట్టుకున్నాను.

మిథున్


భూపాలపల్లి,
2 ఫిబ్రవరి 2025

మిథున్‌కు,

పుస్తకం భాష ఇయ్యాల నాతోని కాదు. బాపు తిడితే తిట్టనీ.

మానుకోట వచ్చిన. దిక్కులేని పీనుగ అని మున్సిపాలిటోళ్లు బొంద పెట్టిన్రు గదా, ఆ కాడికి పోయిన. రుచిత ఏడ్సుకుంట కూసున్నది. నాకు ఏడుపు రాలే. మీ ఇల్లు గక్కన్నే ఉన్నదని తెల్సు. రాలే. నీ మొఖం చూస్తే ఏం చేస్తనో నాకే తెల్వది. కొడ్తనో, మీదవడి ఏడుస్తనో.

మాఫ్ చేసిన అని రాయాలని శానసార్లు కూసున్న. చెయ్యి రాలే. అబద్ధం ఎందుకు రాయాలె? నీ తప్పేం లేదని తెల్సు, బండి ఆగదని తెల్సు. తెల్సినా లోపల మండుతనే ఉన్నది. నువ్వు గా చీటీల పిల్వకపోతే అనిపిస్తది. నేను గా మాట అనకపోతే అనిపిస్తది. నువ్వు దించుకొమ్మన్నవు గని నాది నాకే ఉన్నది. ఇద్దరికీ సరిపోయేటంత ఉన్నదిరా.

ఒక్కటి మాత్రం రుచిత అన్నది. ఈ నడుమ ఆయనకు మన మాటలే వినవడకపోవు. టీవీ పెద్దగ పెట్టినా మూతులే చూసేటోడు. నీ హారన్ విన్నడు. ఆయన చెవుల వడ్డ ఆఖరి చప్పుడు గదే. గందుకు నీకు దండం పెట్టాల్నో, తిట్టాల్నో నాకు సమజైతలేదు.

రాజీనామా చింపెయ్యి. నువ్వు డ్రైవర్ గాకపోతే ఆయన వచ్చి చూసింది ఎవలను?

బిడ్డ పుట్టిందని విన్న. శృతిని అడిగినని చెప్పు.

పోలీసోళ్లు లచ్చమ్మను నాకిచ్చిన్రు. ఒక చక్రం లేదు. కన్ను బాపు దిద్దినట్టే ఉన్నది, నేను ముట్టలే. ఉంచుకుందామనుకున్న. అరల పెట్టిన, తీసిన, మల్ల పెట్టిన. కని ఆయన దాన్ని నీకియ్యాలనే బయలెల్లిండు. చీటీ లేకుండ తీస్కపోయిండు, జిందగీల ఒక్కసారి ఆయన పద్ధతి ఆయనే తప్పిండు. గా చీటీ గిదే అనుకో. ఆయన తువ్వాలలనే చుట్టి పంపుతున్న.

చేరినంక చేరిందని రాయి. ఇంకేం రాయకున్నా సరే, గా ఒక్క మాట రాయి.

జశ్వంత్