ఆఖరి వంతు నాది

అక్కా,

నా ఉద్యోగం ఊడలేదు, కంగారుపడి బావని రైలెక్కించకు.

మా ఆసుపత్రి లాండ్రీకి కొత్త మెషీన్లు వచ్చాయి. మేనేజరు నన్ను పిలిచి, "సూపర్‌వైజరువి, నువ్వొక్కదానివీ నేర్చుకో చాలు. మిగతా ఎనిమిదిమంది సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" అంటే ఇంటికి పంపడమేనని నాకు తెలీదా? "ముందు వాళ్ళు నేర్చుకుంటారు, ఆఖరున నేను. అందాకా ఆ మెషీన్ మీద చెయ్యి కూడా వెయ్యను" అని మొహం మీదే చెప్పేశాను. నెల్లాళ్ళు గుర్రుగా చూశాడు. చూడనీ! ఏ వార్డుకీ ఒక్క దుప్పటి ఆలస్యం కాలేదు.

నా కళ్ళద్దాలు నీ కుట్టుమిషను సొరుగులో ఉండిపోయాయి, వెంటనే పంపు. నీ మోకాలు ఎలా ఉంది? అమ్మ మాత్రలు మింగుతోందా, దిండు కింద దాస్తోందా?

అద్దాలెందుకంటే, నిన్నటితో అందరిదీ అయిపోయి నా వంతు వచ్చింది. నాకు నేర్పేది ఎవరనుకున్నావు? "ఈవిడ బుర్రకి ఇదెక్కడ ఎక్కుతుంది" అని మేనేజరు వెక్కిరించిన మా ఇస్త్రీ పెద్దమ్మే! తెర మీద అక్షరాలు కంటికి ఆనక తప్పు బటన్ నొక్కితే, ఆ మేనేజరు చూస్తుండగానే నా చేతి మీద ఠపీమని ఒకటి వేసింది. అంత హాయైన దెబ్బ నేనెప్పుడూ తినలేదక్కా.

పిల్లలకి ముద్దులు.

నీ మొండి చెల్లెలు