హైపోలో పోయిన బొమ్మ

మెర్సీ బిడ్డా, మీ అమ్మ టీచరమ్మ అయింది! ఫొటోలు నేర్చుకునే కాలేజీ పిల్లలకు సోమవారం నుంచి డార్క్‌రూం పని నేర్పబోతోంది. సంబరంలో దీవెనలు కూడా మరిచాను, ఇప్పుడు తీసుకో. ప్రభువు దయవల్ల నల్గొండలో మేమిద్దరం బాగున్నాం. ముంబైలో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను.

మోకాలు ఎట్లుందని అడిగావు, నయమే. స్టూడియో మూసేశామా అని అడిగావు, లేదు. పాస్‌పోర్టు ఫొటోకైనా ఎవరూ రారు, అందరి చేతుల్లో ఫోన్లే. అయినా డిజిటల్ కెమెరాల పిల్లలే ఇప్పుడు ఫిల్ము రీలు కావాలి, చీకటి గది కావాలి అంటున్నారంటే గంతులేయాలనిపిస్తోంది బిడ్డా!

మూడో ప్రశ్నకే చెయ్యి ఆడడం లేదు. "పేపర్ల నీ చేతిలున్న ఫొటో తెల్లగెందుకుంది బాపూ?" అన్నావు. ఫోన్‌లో చెబుదామంటే మీ అమ్మ పక్కనే ఉంటుంది.

మన స్టూడియో గురించి రాయడానికి పేపరు విలేకరి ఒకతను వచ్చి, "పాత పద్ధతిల ఒక ఫొటో కడిగి చూపెట్టు తాతా" అన్నాడు. ఇన్నేళ్లూ కెమెరా పట్టింది నేను, చీకట్లో కడిగింది మీ అమ్మ. ఆ మాట చెప్పక, ఆమెను చాయ్ పెట్టమని పంపాను. కాగితాన్ని ముందు బొమ్మ తేలే మందులో వేయాలి, తర్వాత బొమ్మ నిలిచే హైపోలో. నేను ముందే హైపోలో వేశాను. తెల్లగానే మిగిలింది. అతనికేం తెలుసు? దాన్నే పట్టుకోమని ఫొటో తీసి 'డార్క్‌రూం గురువు' అని వేశాడు. చాయ్ తెచ్చిన మీ అమ్మ ఆ కాగితం చూసి, గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ పేపరు చూసి కాలేజీ మంజులత మేడం పాఠం చెప్పమని నన్నే పిలిచింది. పోయి, తల వంచుకొని, "నాకు రాదు మేడం. వచ్చింది మా జంగమ్మకు. పేపర్ల పడ్డది అబద్ధం" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ, "పోత, ఎందుకు పోను? నువ్వు గూడ రా. ముందు బెంచీల కూసో, నేర్పిస్త" అంది. సిగ్గుతో చచ్చిపోతూనే నవ్వాను బిడ్డా.

ఆ పేపరు ఫొటోను చుట్టాలందరికీ పంపింది నేనే. నువ్వు వాళ్లకు ఫోన్ చేసినప్పుడు అమ్మ సంగతే కాదు, నేను చేసింది కూడా చెప్పు.

ఇట్లు,
తల ఎత్తలేని సంతోషంతో,
నీ బాపు ఇస్రాయేలు

చెప్పవలసినవాళ్లు: చౌటుప్పల్‌లో దశరథ్ మామ, గుర్వమ్మ అత్త. మహబూబ్‌నగర్‌లో మీ చిన్నాయన, చిన్నమ్మ. నందికొండలో మీ మేనత్త నర్సింగమ్మ. ఆమెకు మాత్రం నేనే పోయి చెబుతాను. "జంగమ్మకేం తెలుసు, నీళ్లల్ల కాగితాలు కడుగుడే గద" అని ఆమె అన్నప్పుడు, మీ అమ్మ ముందరే నవ్వింది నేను.