ఫోటో తీయనా?

బాబాయ్,

కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు, అందుకే నిలబడే రాస్తున్నాను.

ఈ పరాయి దేశంలో నేను దిగిన గది కింద వీధిలో నిన్న గొడుగులు బాగుచేసే కొట్లో ఓ పెద్దావిడ కనబడింది. పళ్ళతో దారం పట్టుకుని ఊచ వంచుతోంది. ఆగలేక, అడక్కుండానే కెమెరా ఎత్తాను. ఆవిడ చటుక్కున గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. స్టూడియోలో నువ్వు చంటిపిల్లల్ని కూడా "తీయనా అమ్మా?" అని అడిగాకే తీస్తావు కదా.

అందుకని "ఫోటో తీయనా?" అన్నదాన్ని ఫోన్‌లో వాళ్ళ భాషలోకి మార్చి బట్టీపట్టాను. ఇవాళ పొద్దున్నే వెళ్ళి అప్పజెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, స్టూలెక్కి, కొట్టు గోడకున్న వాళ్ళమ్మ ఫోటో తీసి, ముంజేత్తో తుడిచి నా చేతిలో పెట్టింది.

నేను గుడ్లప్పగించి చూస్తుంటే, ఇంగ్లీషు వచ్చిన కూతురు లోపల్నుంచి వచ్చింది.

"గోడ మీది ఫోటో తీసెయ్యనా అన్నావట. నీకు అందదేమోనని అమ్మే తీసిచ్చింది. ఇంతకీ నీకెందుకది?"

కెమెరా చూపించి సంగతి చెప్పాను. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ఆవిడ తల దువ్వుకుని, వాళ్ళమ్మ ఫోటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "ఇద్దరినీ తియ్యి" అని చెప్పించింది. ఆ తర్వాత కెమెరా లాక్కుని నన్ను తీసింది.

ఇందులో పెట్టింది ఆ ఫోటోనే. నా తల సగమే పడింది, ఆవిణ్ణేమీ అనకు.

ఆవిడ ఫోటో ఏదీ అంటావా? ఒక్కటే ప్రింటు వేయించాను. వాళ్ళమ్మ పక్కనే గోడకుంది. మేకు నేనే కొట్టాను, అడిగాకే.

నీ తొందరపిల్ల