విప్పని కట్టు, తొమ్మిదేళ్ల ప్రశ్న

నవంబర్ 10, సోమవారం. పొద్దున 7.
తొమ్మిదేళ్ల కింద నా ఎడమ కాలికి పుండైంది. రోజూ కట్టు విప్పి నురుగు మందు పోసేవారు. ప్రాణం పోయినట్లుండేది. అయినా కిక్కురుమనలేదు. నలభై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాణ్ని.
ఇప్పుడు కుడి కాలు. మనవరాలు శ్రావణి కోరుట్ల ఆస్పత్రిలో నర్సు. "ఆ మందు మంచి కండను గూడ కాలుస్తది తాతా. రోజు విప్పుడు గూడ వద్దు. పరిశోధనల తేలింది" అంటుంది.
మరి నా ఎడమ కాలికి జవాబెవరు చెప్పాలి?

9 గంటలు. ఒప్పందం. పది రోజులు కట్టు ముట్టను. మూడు రోజులకోసారి శ్రావణే మారుస్తుంది. పుండు తగ్గితే జగిత్యాలలో డాక్టర్ల మీటింగులో నా పుండు కొలతల కాగితం చూపించి, తన వార్డంతా ఇదే పద్ధతి పెట్టమంటుంది. నా ప్రశ్న కూడా పెద్ద డాక్టరు మేడాన్ని అడుగుతుంది.
పది రోజులెంత.

నవంబర్ 11. విప్పలేదు. గోకలేదు. సులువే.

నవంబర్ 13. కొత్త కట్టు. శ్రావణి స్కేలు పెట్టి కొలిచింది. పుండు చిన్నదైంది. నాలాంటి రోగి దొరకడు.

నవంబర్ 14. 11 గంటలు. నా భార్య లచ్చవ్వ తమ్ముడు సమ్మయ్య వెల్గటూర్ నుంచి పరామర్శకు వచ్చాడు. అరటిపండ్లు తెచ్చాడు. పుండు చూపమన్నాడు. విప్పనన్నాను.
"లోపల పుండున్నదా బావా, పని జెయ్యలేక ఉత్తగనే కట్టుకున్నవా?"
విప్పాను. మూసి ఉంచితేనే మానుతుందని చూపించాలి కదా. అది విప్పడం కాదు, రుజువు.
12 గంటలు. పక్కింటి కల్పనకు కూడా రుజువు.

నవంబర్ 15. రుజువులు అయిదు. నా దోస్తు బుచ్చయ్యకు రెండుసార్లు. మొదటిసారి కండ్లద్దాలు మరిచి వచ్చాడు.
కట్టు జిగురు పోయింది. లచ్చవ్వ పసుపు అద్ది, చీర పిన్నీసు పెట్టింది. నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు.

నవంబర్ 16. శ్రావణి వచ్చింది.
"ఎవలు విప్పిన్రు?"
"గాలికి ఊడింది బిడ్డా."
"పిన్నీసు గూడ గాలే పెట్టిందా తాతా?"
లచ్చవ్వ వంటింట్లోకి పోయింది. పుండు అంచు మళ్లీ ఎర్రబడింది. శ్రావణి తిట్టలేదు. "గిట్లయితే మేడం పాత మందే పొయ్యుమంటది. వార్డుల పన్నెండు మంది ఉన్నరు" అంది.
పన్నెండు మంది. ఆ మంటను నాలాగే పంటి బిగువున పట్టి పడుకుంటారు.


నవంబర్ 17, సోమవారం. మళ్లీ మొదటి రోజు. కొత్త కట్టు. తలుపుకు నా చేతిరాత చీటీ: "పుండు ఉన్నది. చూపబడదు. అరటిపండ్లు తీసుకోబడును."
26తో నా పది రోజులు నిండుతాయి. 28, శుక్రవారం మీటింగు. ఆ సాయంత్రం అయిదింటికల్లా నా ఎడమ కాలికి జవాబు రావాలి. కాగితం మీద. మేడం సంతకంతో.